లెస్టర్ పాత ఇంటి బెడ్‌రూమ్‌లో ఇనుప ఫైర్‌ప్లేస్ ఉంది, ఉంచాలా తీసేయాలా?

గోదారి గట్టు

అందరికీ నమస్కారం అండీ. ఈ వేసవిలో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఒక టెర్రస్ ఇల్లు (పక్కిళ్లతో గోడ కలిసి వరసగా ఉండే రకం) కొన్నాం, 1890ల నాటి ఇల్లు. పైన వీధి వైపు బెడ్‌రూమ్‌లో చిమ్నీ గోడకి ఒక చిన్న ఇనుప ఫైర్‌ప్లేస్ ఉంది. పైన సన్నటి మాంటెల్ గట్టు, నోరు అర్ధచంద్రాకారంగా ఉంటుంది, చుట్టూ ఏవో పువ్వులు, తీగలు. కానీ ఇన్నేళ్లలో ఎవరెవరు ఎన్ని పూతలు వేశారో గానీ పువ్వులన్నీ పూడిపోయి ముద్దలా కనిపిస్తున్నాయి. నోటికి అడ్డంగా ఒక బోర్డు మేకులతో కొట్టేసి దానికి కూడా అదే క్రీమ్ రంగు వేశారు.

మా ఆయన తీసేసి ఆ గోడంతా వార్డ్‌రోబ్ పెట్టేద్దాం అంటున్నారు. చూడటానికి వచ్చిన బిల్డర్ కూడా తీసి పారేసి ప్లాస్టర్ చేసేస్తా, పెద్ద పనేం కాదు అన్నాడు. నాకు మాత్రం మనసొప్పడం లేదు. అలాగని గది పెద్దదేం కాదు, పన్నెండు అడుగులకి పదకొండు. పాపకి మూడేళ్లు, మాతోనే పడుకుంటుంది. ఉంచితే గది ఎలా సర్దుకోవాలి, రంగు ఎలా తీయాలి, చలికాలంలో వెలిగించుకోవచ్చా, ఏదీ తెలియడం లేదు. ఇలాంటి ఇళ్లలో ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

పాతిల్లు

తీయకండి. కారణాలు తర్వాత చెప్తాను, ముందు అర్జంటుగా రెండు విషయాలు.

ఒకటి, ఆ బోర్డు. 1950ల నుంచి 70ల వరకు గ్యాస్ హీటింగ్ వచ్చాక ఇక్కడ ఇంటింటా ఫైర్‌ప్లేసులు మూసేశారు. చాలాచోట్ల కొట్టింది మామూలు హార్డ్‌బోర్డే, కానీ కొన్నిచోట్ల ఆస్‌బెస్టాస్ బోర్డు వాడారు. ఈ దేశంలో ఆస్‌బెస్టాస్‌ని పూర్తిగా నిషేధించింది 1999లో, కాబట్టి అంతకు ముందు కొట్టిన ఏ బోర్డునైనా అనుమానంగానే చూడాలి. చూసి చెప్పలేం, ల్యాబ్‌కి పంపి టెస్ట్ చేయించాల్సిందే. అప్పటిదాకా దాన్ని రంపంతో కోయడం, డ్రిల్ చేయడం, మేకులు పీకడం ఏవీ వద్దు.

రెండు, ఆ రంగు పూతలు. అడుగు పూతల్లో సీసం ఉండే అవకాశం చాలా ఎక్కువ. 1960ల దాకా ఇళ్ల రంగుల్లో సీసం మామూలే, మామూలు జనానికి అమ్మడం పూర్తిగా ఆపింది 1992లో. దయచేసి ఎవరూ సాండ్‌పేపర్ పట్టుకుని గీకకండి. మీ పాప అదే గదిలో నేల మీద ఆడుకుంటుంది కదా, సీసం దుమ్ము చిన్నపిల్లల మెదడుకే ఎక్కువ హాని చేస్తుంది.

కృష్ణాతీరం

గోదారి గట్టు గారూ, నేను కాస్త వేరేగా చెప్తాను. మేం రెడింగ్‌లో ఉంటాం, మాకూ రెండు బెడ్‌రూముల్లో ఇవే ఉండేవి. ఒకటి ఉంచాం, ఒకటి తీసేశాం. తీసేసిన గదిలో మంచం, పిల్లల టేబుల్ హాయిగా పట్టాయి. పాతదైనంత మాత్రాన ప్రతిదీ కాపాడాలని రూల్ ఏం లేదు, ఇల్లు మనం బతకడానికి. మీ ఆయన చెప్పేదాంట్లో కూడా న్యాయం ఉంది.

పాతిల్లు

కృష్ణాతీరం గారూ, మీరు తీసింది ఇనుప ఫైర్‌ప్లేస్ ఒక్కటేనా, లేక చిమ్నీ గోడ మొత్తమా? చాలామంది ఈ రెంటినీ కలిపేస్తారు, అందుకే అడుగుతున్నా.

ఇనుప ఫ్రేమ్ ఒక్కటి తీస్తే మీకు కలిసొచ్చే జాగా జానెడు కూడా ఉండదు, ఎందుకంటే గది లోపలికి పొడుచుకొచ్చేది ఇటుక చిమ్నీ. వార్డ్‌రోబ్ గోడంతా సమంగా రావాలంటే ఆ ఇటుక కట్టడాన్నే కొట్టాలి. టెర్రస్ ఇంట్లో అది ఊరికే కొట్టే గోడ కాదు. పక్కింటి వాళ్ల చిమ్నీ దాన్నే ఆనుకుని ఉంటుంది, పైన అటకలోంచి కప్పు దాకా ఇటుక బరువంతా కింద నుంచే మోస్తుంది. మధ్యలో కొడితే పైభాగానికి ఇంజినీర్ లెక్క కట్టిన ఉక్కు ఆధారం పెట్టాలి, నిర్మాణ నియమాలు చూసే బిల్డింగ్ కంట్రోల్ అనుమతి కావాలి, 1996 పార్టీ వాల్ (ఉమ్మడి గోడల) చట్టం కింద పక్కింటి వాళ్లకి ముందుగా నోటీసు ఇవ్వాలి. ఇవి లేకుండా చేస్తే రేపు ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ల సర్వేయర్ అక్కడే పట్టుకుంటాడు. ఇల్లు లిస్టెడ్ (చారిత్రక కట్టడంగా నమోదైనది) అయితే ఫైర్‌ప్లేస్ తీయడానికి కూడా కౌన్సిల్ సమ్మతి కావాలి. మామూలు టెర్రస్‌లకి ఆ బాధ సాధారణంగా ఉండదు, అయినా చూసుకోండి.

కృష్ణాతీరం

మేం తీసింది ఫ్రేమ్ ఒక్కటేనండీ, నోరు ఇటుకతో మూసి ప్లాస్టర్ చేశారు. చిమ్నీ అలాగే ఉంది. జాగా అంటే గట్టు ముందుకి వచ్చేది కదా, అది పోయింది, టేబుల్ గోడకి ఆనింది. అంతే.

నాటింగ్‌హామ్ వేప

ఇటుకతో మూసేటప్పుడు గాలి జాలీ పెట్టించారా? మా ఇంటి సంగతి చెప్తాను. మాకు ముందున్నవాళ్లు బెడ్‌రూమ్ ఫైర్‌ప్లేస్ తీసేసి జాలీ లేకుండా మూసేశారు. మొదటి చలికాలంలోనే చిమ్నీ గోడ మీద టీ ఒలికినట్టు గోధుమ రంగు మచ్చలు. రంగు వేశాం, మళ్లీ వచ్చాయి. స్టెయిన్ బ్లాక్ అని అమ్మేది కొట్టాం, దాన్ని కూడా దాటుకుని వచ్చాయి. చివరికి తెలిసినదేంటంటే, దశాబ్దాల బొగ్గు మసిలోని లవణాలు ఇటుకలో ఇంకి ఉంటాయట, అవి గాల్లో తేమని లాక్కుంటూనే ఉంటాయి. పైన చిమ్నీ కొసన ఉండే కుండీ (చిమ్నీ పాట్) తెరిచే ఉంటే వాన కూడా లోపలికి పడుతుంది. కింద, పైన గాలి ఆడకపోతే ఆ చెమ్మ ఆరదు. పైన వాన పడకుండా, గాలి మాత్రం ఆడేలా టోపీ పెట్టించి, కింద జాలీ కోయించి, మచ్చలున్న ప్లాస్టర్ మొత్తం కొట్టి మళ్లీ చేయించాక తగ్గింది. చాలా డబ్బు పోయింది అండీ, బాధ అనిపిస్తుంది.

గోదారి గట్టు గారూ, మీ ఫైర్‌ప్లేస్ ఉన్నదున్నట్టు ఉంచి నోరు తెరిస్తే గాలి దానంతటదే ఆడుతుంది. చెమ్మకి అంతకంటే మంచి మందు లేదు.

ఎడిన్‌బరా చలి

గాలి ఆడుతుంది, దానితో పాటు మీ గదిలో వేడి కూడా పైకి పోతుంది :) మేం టెనమెంట్‌లో (పాతకాలపు ఫ్లాట్ల భవనంలో) ఉంటాం, పడకగది ఫైర్‌ప్లేస్ నోరు తెరిచిన రోజు రాత్రి ఈదురుగాలి మంచం దాకా వచ్చింది. దీనికి దారులున్నాయి. కొన్ని ఫైర్‌ప్లేసులకి నోటి పైన లోపలివైపు ఒక ఇనుప రెక్క ఉంటుంది, తెరిచి మూసుకునేలా. రంగుతో, తుప్పుతో బిగుసుకుపోయి ఉంటుంది గానీ చాలాసార్లు కదులుతుంది. అది లేకపోతే గొర్రె ఉన్నితో చేసిన మందపాటి దిండు లాంటిది అమ్ముతారు, కర్రతో చిమ్నీ లోపలికి తోసి పెట్టడమే. ఉన్ని కాబట్టి చలిగాలిని ఆపుతుంది, తేమని కొంచెం కొంచెంగా వదులుతుంది. గాలి నింపే బెలూన్లు కూడా ఉన్నాయి, వాటికి పక్కన కొంచెం సందు వదలాలి. ఏది పెట్టినా కింద కనిపించేలా ఒక దారమో చీటీయో వేలాడదీయండి, పైన అది ఉందని మరిచి రేపు ఎవరైనా మంట పెడితే ఇల్లే అంటుకుంటుంది.

పైన చెప్పిన పార్టీ వాల్ చట్టం ఇంగ్లండ్, వేల్స్‌కే. స్కాట్లండ్‌లో ఉన్నవాళ్లు ఇక్కడి పద్ధతి వేరుగా కనుక్కోండి.

గోదారి గట్టు

ఇన్ని విషయాలు చెప్పినందుకు చాలా థ్యాంక్స్ అండీ. బోర్డు ముట్టుకోలేదు, టెస్ట్ కిట్ ఆర్డర్ చేశాను. సీసానికి కూడా చిన్న కిట్ దొరికింది.

ఈ గ్యాస్ బిల్లులు చూస్తుంటే వెలిగించుకుంటే బాగుండు అనిపిస్తోంది. మా అత్తగారు కూడా డిసెంబర్‌లో వస్తున్నారు, ఆవిడకి చలి అస్సలు పడదు.

పాతిల్లు

బెడ్‌రూమ్‌లో మంట వద్దనే నా మాట. వీధిలోకి వెళ్లి మీ చిమ్నీ మీద కుండీలు లెక్కపెట్టండి. సాధారణంగా ఒక్కో ఫైర్‌ప్లేస్‌కి ఒక్కో పొగదారి, ఒక్కో కుండీ. మీ బెడ్‌రూమ్ దారికి పైన కుండీ ఉందో, లేక ఎప్పుడో మూసేశారో మొదట తెలియాలి. తర్వాత చిమ్నీలు శుభ్రం చేసే స్వీప్‌ని పిలిచి మసి తీయించి, పొగ పరీక్ష చేయించాలి. 130 ఏళ్ల ఇటుక దారిలో ఎక్కడ పగులుందో తెలియదు, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పక్క గదిలోకో, పక్కింట్లోకో వెళ్లొచ్చు. దానికి వాసన, రంగు ఉండవు, నిద్రలో ఉంటే అసలు తెలియదు.

చట్టం సంగతి కూడా ఉంది. 1952 డిసెంబర్‌లో లండన్‌లో బొగ్గు పొగమంచుకి వేల మంది చనిపోయాక 1956లో క్లీన్ ఎయిర్ చట్టం తెచ్చారు, అప్పటి నుంచి పట్టణాల్లో చాలా భాగం పొగ నియంత్రణ ప్రాంతాలే. అక్కడ ఇలాంటి తెరిచిన ఫైర్‌ప్లేస్‌లో కట్టెలు కాల్చకూడదు, అనుమతి ఉన్న పొగ లేని ఇంధనం మాత్రమే. చిమ్నీ నుంచి పొగ వస్తే ఇంగ్లండ్‌లో 175 నుంచి 300 పౌండ్ల దాకా జరిమానా. మామూలు ఇంటి బొగ్గు అయితే ఇంగ్లండ్‌లో 2023 మే నుంచి అమ్మకమే లేదు. మీ వీధి ఆ ప్రాంతంలో ఉందో లేదో కౌన్సిల్ సైట్‌లో చూడండి.

ఆ రోజుల్లో కూడా పడకగదుల్లో రోజూ వెలిగించేవాళ్లు కాదు. ఎవరికైనా జబ్బు చేస్తేనో, పురుడు వస్తేనో వెలిగించేవాళ్లు. అందుకే ఇవి అంత చిన్నగా ఉంటాయి. వేడి కోసం దీన్ని నమ్ముకోకండి. అత్తగారికి మంచి రేడియేటరూ, కిటికీలకి మందపాటి కర్టెన్లూ ఎక్కువ పనికొస్తాయి.

ఇనుము పని

రంగు తీసే సంగతి నేను చెప్తా, పాత ఇనుప సామాన్లు బాగుచేయడం నాకు ఇష్టమైన పని.

సీసం ఉన్న పూతలకి పట్టీలా వేసే స్ట్రిప్పర్ వాడండి. మందంగా లప్పంలా పూసి, పైన దానితో వచ్చే కాగితం కప్పి ఒకటి రెండు రోజులు వదిలేస్తే పూతలన్నీ మెత్తబడి ఆ కాగితంతోనే ఊడొస్తాయి, దుమ్ము రేగదు. క్షారం రకం ఇనుముకి పర్వాలేదు, కానీ చుట్టూ ఓక్ చెక్క గానీ పాలరాయి గానీ ఉంటే తగలనివ్వకండి. హీట్ గన్ వద్దు, వేడి ఎక్కువైతే సీసం పొగ లేస్తుంది. గ్లవ్స్, కళ్లజోడు, కిటికీ తెరిచి, తలుపు కింద సందు మూసి పని చేయండి. ఊడిన చెత్త సంచిలో కట్టి కౌన్సిల్ చెప్పిన చోట ఇవ్వాలి. పువ్వుల సందుల్లో మిగిలిన రంగుని చెక్క పుల్లతో తీయండి, ఇనుప స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే గీతలు పడతాయి.

కడిగాక ఆ నిమిషమే తుడిచి ఆరబెట్టాలి, లేకపోతే గంటలోనే ఎర్రగా తుప్పు పొర వస్తుంది. ఆరాక సన్నటి స్టీల్ ఉన్నితో రుద్ది, గ్రాఫైట్ ఉన్న నల్ల గ్రేట్ పాలిష్‌ని చాలా కొంచెం, టూత్‌బ్రష్‌తో పట్టించి, గుడ్డతో మెరిసేదాకా రుద్దండి. ఎక్కువ పట్టిస్తే దుప్పట్లకీ పాప చేతులకీ నల్లగా అంటుతుంది. వెలిగించరు కాబట్టి నల్ల మ్యాట్ మెటల్ పెయింట్ వేసినా సరిపోతుంది, పాప ఉన్న గదికి నేనైతే అదే వేస్తా.

ఇంకోటి, చాలా ముఖ్యం. ఫ్రేమ్ కదిలించి చూడండి, గట్టిగా కాదు, మెల్లగా. వీటికి రెండు పక్కల ప్లాస్టర్ కింద చెవుల్లాంటివి ఉంటాయి, వాటితో ఇటుకకి బిగిస్తారు. పాత మేకులు తుప్పుపట్టి వదులైతే పిల్లలు గట్టు పట్టుకుని వేలాడినప్పుడు అంత బరువు మీద పడుతుంది. కొంచెం కదిలినా ప్లాస్టర్ కాస్త తీసి కొత్త స్క్రూలతో బిగించండి.

ఎప్పుడైనా ఫ్రేమ్ బయటికి తీయాల్సి వస్తే వెనకవైపు చూడండి. 1842 నుంచి 1883 మధ్య రిజిస్టర్ చేసిన డిజైన్ అయితే డైమండ్ ఆకారంలో గుర్తు ఉంటుంది, 1884 నుంచి అయితే ఒక నంబర్. అది చూసే మనసు ఉన్నవాళ్లకి భలే సంబరం.

మందారం

అమ్మయ్య, ఇప్పుడు అసలు డెకరేషన్ సంగతి ఎవరూ చెప్పలేదు!

అక్కా, ముందు కార్పెట్ మూల ఎత్తి ఫైర్‌ప్లేస్ ముందు నేల చూడండి. చాలా ఇళ్లలో అక్కడ స్లేట్ పలకో, టైల్స్ వేసిన హార్త్‌నో కార్పెట్ కింద కప్పేసి ఉంటారు. స్టోక్‌లో, ష్రాప్‌షైర్ జాక్‌ఫీల్డ్‌లో చేసిన టైల్స్ అప్పట్లో దేశమంతా వెళ్లేవి, పగిలినా వాటి అందం వేరు. ఉంటే కార్పెట్‌ని ఆ అంచు దాకా కోయించండి. ఆ ఒక్క పనితోనే గది కళ మారిపోతుంది.

వార్డ్‌రోబ్ గురించి మీ ఆయనకి ఇలా చెప్పండి. చిమ్నీకి రెండు పక్కల ఉండే గూళ్ల లోతు మామూలుగా 35 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. హ్యాంగర్ అడ్డంగా పట్టాలంటే 55 నుంచి 60 కావాలి. ఒక గూట్లో వార్డ్‌రోబ్‌ని చిమ్నీ కంటే కొంచెం ముందుకి రానివ్వండి, లేదా లోపల రాడ్‌ని అడ్డంగా కాకుండా మన వైపు లాగే రకం పెట్టించండి. చీరలు మడిచి పెట్టుకోవడానికి 35 చాలు, కాబట్టి రెండో గూట్లో కింద సొరుగులు, పైన అరలు. రెండు పక్కలా నిలువెత్తు బీరువాలు పెడితే మధ్యలో ఫైర్‌ప్లేస్ నలిగిపోతుంది, అది మాత్రం వద్దు. మంచం ఫైర్‌ప్లేస్‌కి ఎదురు గోడకి వేయండి, పడుకుంటే ఎదురుగా కనిపిస్తుంది. తల వైపు చిమ్నీ పెట్టుకుంటే గట్టు తలకి తగులుతుంది, చల్లగాలి కూడా.

రంగు విషయంలో నా అభిప్రాయం ఖచ్చితంగా చెప్తా. నల్ల ఇనుముకి వెనక తెల్లటి గోడ బాగోదు, కళ్లకి కొట్టొచ్చినట్టు ఉంటుంది. చిమ్నీ గోడ ఒక్కదానికి ముదురు ఆకుపచ్చో, నెమలి నీలమో వేసి మిగతా మూడు గోడలూ మజ్జిగ రంగులో ఉంచండి. పాత గోడకి గాలాడే రంగు తీసుకోండి, ప్లాస్టిక్‌లా పొర కట్టే వినైల్ వద్దు, పైన నాటింగ్‌హామ్ వేప గారి చెమ్మ బాధ చదివారు కదా. మాంటెల్ పైన శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ ఫ్రేమ్ కట్టించి పెడితే... మా ఇంట్లో పెట్టాం, ఇటుక ఎరుపు, నీలం, పసుపు ఆ నల్ల ఇనుము పైన ఎంత బాగుంటాయో. గట్టు సన్నగా ఉంటుంది కాబట్టి కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక లక్క బొమ్మలు సరిగ్గా సరిపోతాయి. దసరాకి పక్కన మెట్లు వేసుకుని చిన్న బొమ్మల కొలువు కూడా.

నాటింగ్‌హామ్ వేప

మందారం, ఫైర్‌ప్లేస్ నోట్లో దేవుడి పటాలు పెట్టి దీపం వెలిగిస్తారు కొంతమంది, అందంగా ఉంటుందని. అది వద్దని చెప్పు. పడకగది అని ఒకటి, పైగా శుభ్రం చేయించని చిమ్నీలో పైన పక్షి గూడు పుల్లలు, మసి ఉంటాయి, కింద నిప్పు పెట్టకూడదు. కొవ్వొత్తులు కూడా బ్యాటరీవి పెట్టుకుంటే చాలు.

కృష్ణాతీరం

మేం ఉంచిన రెండో దాన్ని గోడ రంగే వేసేశాం, లేత బూడిద. పాలిష్ గొడవ లేదు, చిన్న గది పెద్దగా కనిపిస్తుంది. నల్లగానే ఉండాలని లేదు కదా.

ఇనుము పని

ఉండాలని లేదండీ, కానీ ముందు పాత పూతలు తీశాక వేయండి. ఇంకో పూత పడితే ఆ పువ్వులు పూర్తిగా పోతాయి. పోత పోసినవాళ్ల పనితనమంతా ఆ పువ్వుల్లోనే ఉంది.

గోదారి గట్టు

అప్‌డేట్ అండీ. బోర్డులో ఆస్‌బెస్టాస్ లేదని రిపోర్ట్ వచ్చింది, మామూలు హార్డ్‌బోర్డే. రంగులో మాత్రం సీసం ఉంది, కిట్ ఎర్రగా మారింది. పాపని పక్క గదిలోకి మార్చేశాం.

బోర్డు తీశాం. లోపల బకెట్ నిండేంత మసి, ఎండు పుల్లలు, కాకి జాతి పక్షి ఈకలు. ముందు కడ్డీలు ఉన్నాయి, బూడిద పళ్లెం మూత లేదు. మందారం చెప్పినట్టు కార్పెట్ ఎత్తితే ముదురు ఎరుపు టైల్స్! రెండు పగిలాయి, మిగతావి చక్కగా ఉన్నాయి. మా ఆయన మోకాళ్ల మీద కూర్చుని తడిగుడ్డతో ఆయనే తుడిచారు, ఇక తీసేద్దాం అనే మాట మళ్లీ రాలేదు. ఎడమ గూట్లో వార్డ్‌రోబ్, కుడి గూట్లో సొరుగులు, చిమ్నీ గోడ నెమలి నీలం అని ఇద్దరం అనుకున్నాం.

పక్షి గూడు పుల్లలు మేమే లాగేయొచ్చా? బూడిద పళ్లెం మూత ఎక్కడ దొరుకుతుంది?

పాతిల్లు

చాలా సంతోషం! పుల్లలు మీరు లాగకండి, పైన ఇంకెంత ఉందో తెలియదు, ఒక్కసారిగా మసితో సహా గదిలోకి జారుతుంది. స్వీప్‌కే వదిలేయండి. ఇప్పుడు సెప్టెంబర్ కాబట్టి ఇబ్బంది ఉండకపోవచ్చు. పక్షులు గూట్లో ఉన్న కాలంలో అయితే 1981 వన్యప్రాణుల చట్టం ప్రకారం కదపకూడదు. శుభ్రం చేశాక పైన కుండీకి జాలీ టోపీ పెట్టమనండి, లేకపోతే వసంతంలో మళ్లీ వస్తాయి.

మూతకి రిక్లమేషన్ యార్డులు (పాత ఇళ్ల నుంచి తీసిన సామాన్లు అమ్మే చోట్లు) చూడండి. వెడల్పు, ఎత్తు, కింద కొక్కేలు ఉంటే వాటి మధ్య దూరం కొలిచి, ఫోటోతో సహా పట్టుకెళ్లండి. కంటితో చూసి కొంటే సరిపోదు, ప్రతి ఫౌండ్రీదీ ఒక్కో కొలత.

ఇనుము పని

వరస కూడా చెప్తా, చాలామంది ఇక్కడ తారుమారు చేస్తారు. మొదట స్వీప్, తర్వాత రంగు తీయడం, ఆ తర్వాత చెవుల దగ్గర బిగింపు, ప్లాస్టర్ మరమ్మతు, గోడ రంగు, ఇనుముకి పూత, అన్నిటికంటే చివర కొత్త కార్పెట్. కలంకారీ ఫ్రేమ్ బరువుగా ఉంటే పాత సున్నం ప్లాస్టర్‌ని నమ్మకండి, రాలిపోతుంది. ప్లాస్టర్ దాటి ఇటుక లోపలికి వెళ్లేంత పొడవు స్క్రూ, ప్లగ్ వాడండి. కానీ మాంటెల్‌కి కాస్త పైనే డ్రిల్ చేయండి, మరీ లోతుగా పోకండి, ఆ ఇటుక వెనక ఉన్నది పొగదారి.

గోదారి గట్టు

స్వీప్‌కి వచ్చే గురువారం అపాయింట్‌మెంట్ తీసుకున్నానండీ. అదే మనిషి టోపీ కూడా పెడతాడట. స్ట్రిప్పర్ పని పాపని మా చెల్లి వాళ్లింట్లో వదిలిన వారాంతం చేస్తాం. పువ్వులు బయటపడగానే ఫోటోలు పెడతాను.